ఆగి ఆగి వచ్చే వైఫై: పోషణ, సంరక్షణ

నెట్ పూర్తిగా పోతే ఎవరైనా ఫోన్ చేసి బాగుచేయించుకుంటారు. అందులో గొప్పేమీ లేదు. పొద్దున బాగానే ఉండి, మధ్యాహ్నం రెండు నిమిషాలు మాయమై, మళ్లీ ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చునే నెట్‌ను ఏళ్ల తరబడి నిలబెట్టుకోవడమే అసలైన పనితనం. ఇంట్లో డెస్క్‌టాప్ కంప్యూటర్, దానికి వైఫై ఉండి కూడా ఈ భాగ్యానికి నోచుకోనివాళ్ల కోసం, నోచుకున్నా ఎక్కడ చేజారిపోతుందోనని బెంగపడేవాళ్ల కోసం ఈ నాలుగు చిట్కాలు.

మొట్టమొదటి జాగ్రత్త: తెగింది ఎక్కడో ఎప్పుడూ తేల్చుకోకండి. కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య గాలిలోనే తెగవచ్చు. రౌటర్ తనంతట తాను ఆగిపోయి మళ్లీ లేచి ఉండవచ్చు. రౌటర్ వరకూ అంతా సవ్యంగా ఉండి, వీధిలోంచి వచ్చే ఫైబర్‌లోనే తేడా ఉండవచ్చు. ఈ మూడూ వేరువేరు జబ్బులు, మూడింటికీ మందు వేరు. ఏది ఏదో కనిపెట్టడం దురదృష్టవశాత్తూ చాలా తేలిక. కమాండ్ ప్రాంప్ట్ అనే ఆ నల్లటి కిటికీ తెరిచి రౌటర్ అడ్రసుకి, చాలా ఇళ్లలో అది 192.168.1.1, ఆగకుండా పింగ్ కొడుతూ ఉంచితే చాలు. నెట్ పోయిన క్షణంలో కూడా రౌటర్ జవాబిస్తూనే ఉంటే తప్పు బయట, జవాబు ఆగిపోతే తప్పు ఇంట్లో. ఇంత చిన్న పరీక్షతో ఇంత పెద్ద రహస్యం బయటపడుతుంది కాబట్టి ఆ నల్ల కిటికీ జోలికి పోవద్దు. అది హ్యాకర్లు వాడేది అని పిల్లలకి కూడా చెప్పి ఉంచండి.

పరీక్ష చెయ్యకపోతే మనసు ఊరుకోదు అంటారా? అయితే ఫోన్‌లో చూడండి. మొబైల్ డేటా మాత్రం ఆన్‌లోనే ఉండాలి. వైఫైలో నెట్ రాకపోతే ఫోన్ గుట్టుచప్పుడు కాకుండా డేటాకి మారిపోతుంది, వీడియో ఆడుతూనే ఉంటుంది. అప్పుడు ఇంట్లో ఇలాంటి సంభాషణ నడుస్తుంది.

“ఏమండీ, నెట్ పోయిందా?”

“ఇప్పుడే పోయింది.”

“నా ఫోన్‌లో బ్రహ్మాండంగా వస్తోందే!”

“అయితే ఈ కంప్యూటర్‌కి వయసైపోయింది. మార్చేద్దాం.”

చూశారా, రౌటర్ మీద ఈగ వాలకుండా ముద్దాయి దొరికిపోయాడు.

ఇక స్థాన బలం. రౌటర్‌ని హాల్లో టీవీ వెనకో, షోకేసులో పెళ్లి ఫొటో వెనకో పెట్టండి. దుమ్ము పడకుండా దాని మీద లేసు గుడ్డ కప్పండి. వేడెక్కి అప్పుడప్పుడూ తనంతట తానే రీస్టార్ట్ కావడానికి అది ఎంతో సాయం చేస్తుంది. దానితో వచ్చిన 12 వోల్టుల అడాప్టర్ పాతబడి, పిన్ను వదులై, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో రౌటర్‌ని ఆర్పేస్తుంటే దాన్ని కదపకండి. మూడు నిమిషాల్లో అన్ని లైట్లూ మళ్లీ వెలుగుతాయి కదా, ఇంకేం కావాలి? కంప్యూటర్‌ని మాత్రం పడగ్గదిలో పెట్టాలి. మధ్యలో ఇనప బీరువా, దాని తలుపుకి నిలువుటద్దం ఉంటే మరీ మంచిది. ఇనుమూ, అద్దం వెనక పూతా రేడియో తరంగాన్ని తిప్పికొడతాయి. నీళ్లు మింగేస్తాయి, కాబట్టి దారిలో చేపల తొట్టె కూడా ఉంటే మీ అదృష్టం. 5 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటడంలో 2.4 కంటే బలహీనం. అందుకని రెండు గదుల అవతల, కాంక్రీటు గోడల వెనక ఉన్న కంప్యూటర్‌ని పట్టుబట్టి 5 మీదే ఉంచండి. బలహీనంగా ఉన్న చోటే మొండిగా నిలబడడంలో ఒక అందం ఉంది.

ఇప్పుడు కంప్యూటర్ వెనక్కి వెళ్దాం. ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చోవాలి, ఎందుకంటే సిసలైన సంపద అంతా ఇక్కడే ఉంది. వైఫై లోపలే ఉన్న మదర్‌బోర్డు కొన్నారనుకోండి. సీపీయూ డబ్బా వెనక, పోర్టుల వరసలో, ఇత్తడి రంగులో రెండు చిన్న మరలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. అవి యాంటెన్నాలు బిగించడానికి. యాంటెన్నాలు మదర్‌బోర్డు అట్టపెట్టెలో, ప్లాస్టిక్ సంచిలో, స్క్రూల పక్కన ఉన్నాయి. అట్టపెట్టె అటక మీద ఉంది. వారంటీ అయ్యేదాకా పెట్టె పారేయకూడదని మీరే దాచారు, చాలా మంచి పని చేశారు. యాంటెన్నా లేకపోయినా రౌటర్ దగ్గర్లో ఉంటే ఒకటో రెండో గీతల సిగ్నల్ ఎలాగో అందుతుంది. అసలు అందకపోతే అనుమానం వచ్చి వెతికేవారు. అందుతూ అందకుండా ఉండడం వల్లే ఇన్నాళ్లు గడిచాయి. తీరా ఎవరైనా వాటిని తెచ్చి బిగించినా, డబ్బాని మళ్లీ గోడకి ఆనించి టేబుల్ అరలోకి తోసేయండి. ముందు ఇనప రేకు, వెనక గోడ, మధ్యలో యాంటెన్నా. చాలు.

డాంగిల్ వాడేవాళ్లది ఇంకా ధనిక సంప్రదాయం. వేలిగోరంత డాంగిల్‌ని ఎప్పుడూ వెనకే పెట్టాలి, అదీ నీలం రంగు నాలుకున్న యూఎస్‌బీ 3 పోర్టులో, బయటి హార్డ్ డిస్క్ వైరుకి పక్కనే, భుజాలు రాసుకునేలా. యూఎస్‌బీ 3 మీద డేటా సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పరిగెత్తేటప్పుడు పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద కూడా పడుతుంది. ఇంటెల్‌వాళ్లు 2012లోనే దీని మీద కొలతలతో సహా పత్రం రాశారు. వైరులోంచీ, పోర్టులోంచీ, పరికరంలోంచీ వచ్చే ఆ రొదలో పక్కనున్న డాంగిల్‌కి రౌటర్ మాట వినపడదు. దీనివల్ల మీకు దక్కేది ఎంతో సొగసైన లోపం: పెళ్లి వీడియోలు హార్డ్ డిస్క్‌లోకి కాపీ అవుతున్నంతసేపూ నెట్ నత్తనడక, లేదా అసలే ఉండదు. కాపీ అయిపోగానే వచ్చేస్తుంది. కాపీకీ నెట్‌కీ ముడిపెట్టే మనిషి ఇంట్లో ఉండడు గనక ఇది దశాబ్దాలు నడుస్తుంది. ఒక్కటే ప్రమాదం. యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు ఒకటి తెచ్చి డాంగిల్‌ని దూరంగా టేబుల్ మీదికి లాగితే కథ ముగిసిపోతుంది. ఆ వైరు కొట్లో కనిపించినా చూడనట్టు ముందుకి నడవండి.

ఛానెళ్ల గురించి కూడా నాలుగు మాటలు. 2.4 బ్యాండులో మన దేశంలో 13 ఛానెళ్లున్నాయి. ఒక్కో ఛానెల్ వెడల్పు సుమారు 20 మెగాహెర్ట్జ్, పక్క ఛానెల్‌కి దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. కాబట్టి ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండడానికి మామూలుగా వాడేవి 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో అందరూ ఈ మూడింట్లోనే సర్దుకుంటారు. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని, వంతులవారీగా మాట్లాడుకుంటాయి. మీరు అలా మందలో కలవకండి. 3 పెట్టండి. అటు 1లో ఉన్న పై ఫ్లాటునీ, ఇటు 6లో ఉన్న ఎదురు ఫ్లాటునీ ఏకకాలంలో చెరపవచ్చు. వాళ్ల మాట మీకూ, మీ మాట వాళ్లకీ వట్టి రొదలాగే వినిపిస్తుంది. వీలైతే వెడల్పు 40కి పెంచండి. బ్యాండు మొత్తం 83.5 మెగాహెర్ట్జే, దాదాపు సగం మీదే అవుతుంది. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ ఈ 2.45 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే. రాత్రి అన్నం వేడిచేసుకునే వేళకే ఆఫీసు మీటింగ్ పెట్టించుకుంటే రెండూ కలిసొస్తాయి.

ఓవెన్ లేనివాళ్లు దిగులు పడనక్కర్లేదు, 5 గిగాహెర్ట్జ్‌లో రాడార్ ఉంది. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లు వాతావరణ రాడార్ల వంటివాటితో పంచుకునేవి. రాడార్ అలికిడి వినిపిస్తే రౌటర్ ఆ ఛానెల్ ఖాళీ చెయ్యాలి. అలాంటిదే ఇంకో ఛానెల్‌కి వెళ్తే అక్కడ కనీసం ఒక నిమిషం చెవి పెట్టి విన్నాకే నోరు తెరవాలి. ఏ కారణమూ కనిపించకుండా వైఫై పేరే జాబితాలోంచి మాయమై, కాసేపటికి తిరిగొచ్చే ఇళ్లు కొన్నింటికి ఆ వైభవం ఇలా వచ్చిందే. 36నో 149నో ఎంచుకుంటే ఈ బెడద ఉండదు. కాబట్టి ఎంచుకోకండి.

విండోస్‌లో ఒక టిక్కు ఉంది. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ల కింద మీ వైఫై పేరు మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ పేజీకి వెళ్తే, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేసే హక్కు కంప్యూటర్‌కి ఇస్తారా అని ఉంటుంది. బ్యాటరీ లేని డెస్క్‌టాప్‌కి ఆ ఆదాతో ఒరిగేదేమీ లేదు. అయినా పొదుపు పొదుపే. టిక్కు తియ్యకండి. కాఫీ తాగి వచ్చేసరికి నెట్ నిద్రపోయి, మౌస్ ఎంత కదిపినా లేవకపోతే దేశానికి కరెంటు మిగిల్చామని తృప్తి పడండి. డ్రైవర్ సంగతీ అంతే. అడాప్టర్ తయారుచేసినవాళ్ల సైట్‌కి వెళ్లి సరైన డ్రైవర్ తెచ్చుకోవడం రుచీపచీ లేని పని. మీ కంప్యూటర్‌లో 47 లోపాలున్నాయని ఎర్రగా మెరుస్తూ తెర మీదికి దూకే ప్రకటన ఉంటుంది చూడండి, అది నొక్కండి. నెట్ సంగతి ఏమోగానీ, ఆ తర్వాత మీకు వైఫై ఒక్కటే సమస్యగా ఉండదు.

ఇప్పుడు ప్రాణం లాంటి చిట్కా. ఏదైనా మార్చదలిస్తే అన్నీ ఒకేసారి మార్చండి. ఆదివారం పొద్దున్నే కూర్చుని రౌటర్ చోటు మార్చి, ఛానెల్ మార్చి, డ్రైవర్ వేసి, పాస్‌వర్డ్ మార్చి, విండోస్ కూడా కొత్తగా ఎక్కించండి. సాయంత్రానికి బాగుపడితే ఏది బాగుచేసిందో తెలియదు. బాగుపడకపోతే ఏది పాడుచేసిందో తెలియదు. ఒక్కొక్కటీ మార్చి, రెండ్రోజులు ఆగి చూసేవాడికి ఈ లోపం నెల కూడా నిలవదు. పోయినప్పుడల్లా టైము కాగితం మీద రాసుకునేవాళ్లయితే మరీ అన్యాయం. నాలుగు రోజుల కాగితం చూస్తేనే ఇది ఓవెన్ వేళ, ఇది కరెంటు పోయిన వేళ అని తెలిసిపోతుంది. విండోస్ కూడా ఈ చాడీల పని చేస్తుంది. అడిగితే గత మూడు రోజుల్లో వైఫై ఎప్పుడెప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఎందుకు తెగింది అని గ్రాఫు గీసి మరీ నివేదిక ఇస్తుంది. అడక్కండి.

చిరాకు పుట్టి రౌటర్‌ని ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తే, వెనక చిన్న చిల్లులో పిన్నీసు గుచ్చి పది సెకన్లు పట్టుకోండి. అది రీస్టార్ట్ కాదు, పుట్టినప్పటి స్థితికి తీసుకెళ్లే రీసెట్. వైఫై పేరుతో పాటు చాలా పెట్టెల్లో కనెక్షన్ తాలూకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా తుడిచిపెట్టుకుపోతాయి. అప్పుడప్పుడూ పోయే నెట్ శాశ్వతంగా పోతుంది, నెట్ అబ్బాయి రాక తప్పదు.

నెట్ అబ్బాయి వచ్చినప్పుడు పాటించాల్సిన మర్యాదలు కొన్ని ఉన్నాయి. జ్వరం డాక్టరు గుమ్మం దాకా వెళ్లగానే దిగిపోయినట్టు, అతను బూట్లు విప్పేలోగా నెట్ వచ్చేస్తుంది, అది మామూలే. “ఎప్పుడెప్పుడు పోతోందండీ?” అని అడుగుతాడు. “ఎప్పుడూ పోతూనే ఉంటుంది బాబూ” అనండి. “కంప్యూటర్‌లో మాత్రమేనా, అన్నిట్లోనా?” అంటాడు. “అవన్నీ నీకెందుకయ్యా, నువ్వు లైన్ చూడు” అని గద్దించండి. అతను రౌటర్ పక్కనే నిలబడి తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ కొట్టి, నూటికి తొంభై ఎనిమిది వస్తోంది సార్ అని చూపిస్తాడు. పడగ్గదిలోకి, ఆ కంప్యూటర్ దాకా అతన్ని రానివ్వద్దు. పక్క సర్దలేదని చెప్పండి.

ఇంత చేసినా ఇంట్లో ఇంటర్ చదివే అమ్మాయి ఉంటే ముప్పు పొంచి ఉన్నట్టే. ఏదో ఒక రోజు స్నేహితురాలి ఇంటి నుంచి పొడుగాటి లాన్ కేబుల్ చుట్ట తెస్తుంది. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా గిగాబిట్ వేగాన్ని మోస్తుంది. మన హాలు నుంచి పడగ్గదికి పది మీటర్లు ఉంటే ఎక్కువ.

“నాన్నా, గోడకి మేకులేమీ వద్దు. ఒక్క రెండు రోజులు నేల మీదే లాగి చూద్దాం. కేబుల్‌తో పోకపోతే తప్పు వైఫైదే అని తేలిపోతుంది కదా?”

“ఎవరైనా తట్టుకుని పడితే?”

“గోడ వారగా వేస్తాను.”

“తలుపు పడదు.”

“తలుపు కింద సందు ఉంది నాన్నా, చూశాను.”

ఈ దశలో గొంతు పెంచకూడదు. నెమ్మదిగా కళ్లజోడు తీసి, “వైర్లు ఉండకూడదనే కదమ్మా వైఫై పెట్టించింది” అనండి. ఆ మాటకి ఇంతవరకూ ఏ ఇంట్లోనూ జవాబు రాలేదు.