రెండు పడవల మీద కాళ్లు

రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు నీళ్లలో పడతాడని తెలుగువారు తరతరాలుగా హెచ్చరిస్తూ వచ్చినా, కొల్లేరు సరస్సులోని లంకల్లో బతికేవారు ఆ హెచ్చరికతో వాదనకు దిగకుండా, రెండు పడవలనూ పక్కపక్కన చేర్చి కట్టేసి, కాళ్లు నిశ్చింతగా చాపుకుని చేపల వేటకు వెళ్లిపోయారు. తాటిమాను మొదలును నిలువునా తొలిచి చేసే సన్నని పడవను దోనె అంటారు. అటువంటి దోనెలను రెంటిని జతకట్టినప్పుడు దానికి సంగడి అని పేరు. అదే మాటకు తెలుగులో స్నేహమనీ తోడనీ కూడా అర్థాలున్నాయి, సంగడీడంటే చెలికాడు. ఈ అర్థాలలో ఏది ముందు పుట్టిందో తేల్చే పని నిఘంటుకారులకు వదిలిపెట్టినా, తుమ్మితే ఒరిగిపోయే ఒంటి దోనెలో కూర్చున్న మనిషికి పక్క దోనెలోని మనిషి మీద పుట్టే అభిమానం పూర్తిగా నిస్వార్థమైనది కాదని మాత్రం ధైర్యంగా చెప్పవచ్చు.

గుండ్రని మాను నీటి మీద దొర్లడం దాని స్వభావం. లోపల తొలిచి మనిషిని కూర్చోబెట్టినంత మాత్రాన ఆ స్వభావం మారదు. రెండు మానులను అడ్డకర్రలు వేసి బిగించినప్పుడు మాత్రం, ఒకటి దొర్లబోతే రెండోది అడ్డుపడుతుంది. ఉమ్మడి కుటుంబం నడిచే సూత్రమూ ఇదే: ఎవరినీ పడిపోనివ్వదు, ఎవరినీ తొందరగా కదలనివ్వదు. కొల్లేటి లోతు చాలా చోట్ల మనిషి నిలువును మించదు కనుక ఇక్కడ తెడ్డు కంటే గెడకే, అంటే అడుగు నేలను తన్ని పడవను నెట్టే పొడవాటి వెదురుకే, పని ఎక్కువ. సంగడిలో గెడలు పట్టిన ఇద్దరికీ వెళ్లవలసిన దిక్కు గురించి ఒకే అభిప్రాయం లేకపోతే అది ముందుకూ పోక, వెనక్కీ రాక, ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. నేల మీద ఇటువంటి తిరుగుడును సమావేశం అంటారు.

పడవ జీవితంలో బాధ్యతల పంపకానికి అసలు పరీక్ష గెడ దగ్గర కాదు, నీళ్లు తోడే డొప్ప దగ్గర వస్తుంది. ఎంత బాగా చేసిన పడవలోనైనా కొంత నీరు ఊరుతూనే ఉంటుంది. దానిని ఎప్పటికప్పుడు తోడిపోయడం ఎవరి పని అన్న విషయంలో మూడు సిద్ధాంతాలున్నాయి. చిల్లు ఎవరి వైపు ఉంటే వారే తోడాలన్నది మొదటిది; దీనిని చిల్లుకు దూరంగా కూర్చున్నవారు సమర్థిస్తారు. అందరిలో చిన్నవాడు తోడాలన్నది రెండోది. ఇది పెద్దల సిద్ధాంతం. చుట్ట కాలుస్తున్నవాడు తప్ప ఎవరైనా తోడవచ్చునన్నది మూడోది, ఇది ప్రతిపాదించబడిన మరుక్షణం పడవలో చుట్టల సంఖ్య పెరుగుతుంది. ఆచరణలో ఈ మూడూ వీగిపోయి, ఎవరి పంచె ముందు తడిస్తే వారే డొప్ప అందుకుంటారు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత మెట్ట ఊళ్ల మందల్లో పుట్టి ఉండాలి. నీటి మీద ఉమ్మడి వస్తువు పుచ్చితే, అది చావడానికి ముందే యజమానులకు ఈత వచ్చో లేదో తేలిపోతుంది.

పోట్లాడిన తరువాత లేచి వెళ్లిపోవడానికి చోటు లేకపోవడం వల్ల పడవ మీద మర్యాద తనంతట తానే పెరుగుతుంది. గట్టు మీద పేరు పెట్టి పిలుచుకునేవారు కూడా దోనె ఎక్కగానే బాబాయ్, బావా, మావా అనే వరుసల్లోకి దిగిపోతారు. ‘‘నీళ్లు తోడరా’’ అన్న ఆజ్ఞ ‘‘బాబాయ్, ఆ డొప్ప కాస్త ఇటు అందిస్తారా’’ అన్న విన్నపంగా మారుతుంది. ఈ మర్యాదకు కాలపరిమితి ఉందన్న సంగతి పడవ నడిపేవారికి ఎప్పటినుంచో తెలుసు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటిన తరువాత బోడి మల్లయ్య అన్న మాట ప్రయాణికుల కృతజ్ఞత మీద వెలువడిన సంక్షిప్త పరిశోధన; రేవు పడవవారు కూలిని నడి ఏటిలో వసూలు చేస్తే అది ఆ పరిశోధనా ఫలితాలను అనుసరించడమే.

కొల్లేటికి ఎగువన కాలువల మీద సాగిన పడవ బతుకు దీనికంటే పెద్ద ఎత్తున ఉండేది. ఆర్థర్ కాటన్ 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించినప్పుడు కాలువలను సాగుకు మాత్రమే కాక రవాణాకు కూడా ఉద్దేశించాడు. విజ్జేశ్వరం దగ్గర బయలుదేరిన కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరి, బెజవాడ నుంచి వచ్చే కృష్ణ కాలువతో కలిసింది. ఆ విధంగా రెండు నదుల నీళ్లు ఏలూరులో వియ్యమందుకున్నాయి గనుక, ధాన్యం బస్తాలతో బయలుదేరిన పడవ సముద్రం మొహం చూడకుండానే గోదావరి నుంచి కృష్ణకు పోగలిగేది. రోజుల తరబడి సాగే ఈ ప్రయాణాలలో పడవే ఇల్లు, పడవే గిడ్డంగి. వంట కూడా దాని మీదే. పొయ్యి ఒక్కటే కనుక ఉప్పు విషయంలోనూ కారం విషయంలోనూ అందరికీ ఒకే అభిప్రాయం ఉండడం తప్పనిసరి.

నలుగురైదుగురున్న ఆ చిన్న సంఘంలో హోదాలకు మాత్రం లోటు లేదు. పడవ పెద్దను సరంగు అంటారు. ఇది సేనానిని సూచించే సర్‌హంగ్ అన్న పారసీక పదం నుంచి వచ్చింది. పనివాడు కళాసి. సైన్యానికి పేరైన లష్కర్ నుంచి వచ్చిన లస్కరు, ఓడ నావికులకు పేరై, తరువాత కాలువ శాఖలో గట్లు కాసే ఉద్యోగికి స్థిరపడింది. ఈ లెక్కన సేనాపతీ సైన్యమూ కలిసి తాడేపల్లిగూడెం రేవులో వడ్లు దించుకున్నారన్నమాట. గాలి ఉన్నంతసేపు తెరచాప పనిచేసేది. గాలి నిలిచిపోతే సైన్యం గట్టున దిగి, తాడు భుజాన వేసుకుని పడవను లాగేది. సేనాని చుక్కాని పట్టుకుని కూర్చుని, ఇంకాస్త గట్టిగా లాగమని ప్రోత్సహించడం ద్వారా తన వంతు శ్రమను పంచుకునేవాడు. పడవ మీద బతికేవారిలో సగం మంది పగలంతా నేల మీద నడిచేవారన్న విచిత్రం నౌకాయాన చరిత్రకారులు ఇంకాస్త శ్రద్ధగా పరిశీలించవలసినది. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ అనే కథ రాసినా, బాపు రమణలు 1973లో ‘అందాల రాముడు’ సినిమాను గోదావరి మీద లాంచీ ఎక్కించినా, మనుషులను దగ్గరగా చూడాలంటే వారిని నీటి మధ్య ఒకచోట కూర్చోబెట్టాలన్న గ్రహింపే అందుకు కారణమై ఉంటుంది.

ఉమ్మడి బాధ్యత చట్టంగా మారే చోటు లాకు. కాలువలో నీటిమట్టం ఒక్కసారిగా దిగే చోట రెండు జతల తలుపుల నడుమ కట్టిన నీటి గదిని లాకు అంటారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, నీటిని నింపి గాని తీసి గాని, అవతలి మట్టానికి సరిపోయాక ముందు తలుపులు తెరుస్తారు. రెండు జతల తలుపులూ ఎన్నడూ ఒకేసారి తెరుచుకోకూడదు. అత్తాకోడళ్ల నోళ్ల విషయంలో ఇంటిపెద్దలు సాధించలేని ఈ నియమాన్ని కాలువ ఇంజనీర్లు కర్రతోనూ ఇనుముతోనూ సాధించారు. లాకులో నీరు ఎక్కడానికీ దిగడానికీ పట్టే సమయాన్ని ఏ సరంగూ తగ్గించలేకపోయేవాడు కనుక, వరుసలో ఆగిన పడవలన్నీ అక్కడ ఊరుగా మారిపోయేవి. బియ్యం బదులు ఇచ్చుకోవడమూ, దిగువన కాలువ ఎక్కడ పూడిందో చెప్పుకోవడమూ, ముందు ఎవరు వచ్చారన్నదాని మీద కేకలు వేసుకోవడమూ అక్కడే జరిగేవి. ఇలా పడవలే ఊరైన మరో చోట, హాంకాంగ్‌లోని అబర్డీన్ రేవులో, పడవలనే ఇళ్లుగా చేసుకుని బతికిన టాంకా కుటుంబాలది ఇంకా గట్టి పాఠం. ఒకదానికొకటి ఆనించి కట్టిన పడవల మధ్య ఒడ్డుకు దారంటే ఇరుగుపొరుగుల పడవలే, కాబట్టి రాత్రి పొరుగువారితో తగవు పడినవారు తెల్లవారి వారి వాకిలి తొక్కి బజారుకు పోవలసి వచ్చేది.

వేసవిలో మరమ్మతుల కోసం కాలువ కట్టేసినప్పుడు మన కాలువ పడవల సంఘం మొత్తం బురదలో కూర్చునేది. 1890 దశకంలో వచ్చిన రైలుకు ఇటువంటి సెలవులు లేవు. తరువాత లారీలూ వచ్చాయి. పడవలు పోయాయి గాని లస్కరు మిగిలాడు, ఓడ లేని నావికుడిగా గట్టు మీద. 2008లో కేంద్ర ప్రభుత్వం కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న కాలువలను, కృష్ణా గోదావరుల కొన్ని భాగాలను కలిపి, మొత్తం 1,078 కిలోమీటర్లను 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. అందులో ఏలూరు కాలువ కూడా ఉంది. జలం ఉంది, మార్గమూ ఉంది, జాతీయత గెజిట్‌లో ఉంది. పడవ ఒక్కటే రావలసి ఉంది.

ఇక కొల్లేటినే ఒక పెద్ద సంగడిగా చూస్తే వ్యవహారం మరింత చిక్కుగా కనిపిస్తుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చి పోసేదంతా పట్టుకుని, ఉప్పుటేరు అనే ఒక్క దారిన సముద్రానికి పంపే ఈ సరస్సులోకి ఎగువ ఊళ్లన్నీ తమ మురుగును ఉదారంగా వదులుతాయి గాని, డొప్ప పట్టుకోవలసినది మాత్రం లంకవాసులే. 1970 దశకం నుంచి చేపల చెరువులు పెరిగాయి. ఉమ్మడి నీటిలో ఎవరి వాటా చుట్టూ వారు గట్టు వేసుకున్నారు. అంటే కట్టిన సంగడిని విప్పి, ఎవరి దోనె వారు తీసుకున్నారు. 1999లో సముద్రమట్టానికి +5 అడుగుల మట్టం లోపలి 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతకంటే విశాలమైన 901 చదరపు కిలోమీటర్లు రామ్‌సర్ ఒప్పందం కింద, అంటే ప్రపంచం కాపాడదగిన చిత్తడినేలల జాబితాలో, చేరాయి. 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. +5 అడుగుల గీత సర్వేయర్ల పటాల మీద మహా స్పష్టంగా ఉంటుంది, నీటి మీద మాత్రం చేపలకూ గూడబాతులకూ ఎంత వెతికినా దొరకదు. 2022 ఏప్రిల్ దాకా ఈ సరస్సు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య పంచబడి ఉండేది కాబట్టి, వల ఒక జిల్లాలో వేసి చేపను మరొక జిల్లాలో పట్టే అవకాశం కూడా ఉండేది.

ఈ హద్దులన్నిటినీ లెక్కచేయనిది గుర్రపుడెక్క. దక్షిణ అమెరికా నుంచి అందం కోసం తెచ్చిన ఈ తేలే కలుపు, దోనెల దారులను మూసేసేంతగా అల్లుకుపోతుంది. ఒక లంక రేవులో పేరుకున్న దానిని ఆ లంకవారు గెడలతో నెట్టి తమ బాధ్యత తీర్చుకుంటారు. అది గాలివాటున పొరుగు లంక రేవుకు చేరుతుంది. పొరుగువారూ అంతే బాధ్యతగల పౌరులు గనుక తిరిగి నెడతారు. సరంగు లేడు, కళాసి లేడు, లాకు దగ్గర ఆగే పని లేదు. ఒక లంక నుంచి మరో లంకకు ఇంత క్రమం తప్పకుండా నడిచే రాకపోకలు కొల్లేటి మీద మరొకటి లేవు.