పానీ మే దాల్, సర్!

సైన్యంలో హోదా పెరిగేకొద్దీ మనిషి మెత్తబడతాడని నా సిద్ధాంతం. దీనికి ఆధారాలు ఎన్‌సీసీ క్యాంపుల్లోనూ, సైనిక్‌పురి పెసరట్ల బండి దగ్గరా పుష్కలంగా దొరికాయి. అసలుసిసలు బ్రిగేడియర్ని చూసి నేనెప్పుడూ వణకలేదు. వణికిందల్లా మా ఫిజిక్స్ లెక్చరర్ని చూసే.

ఎన్‌సీసీ చట్టం 1948లో వచ్చింది. చైనా యుద్ధం తర్వాత, 1963లో, కాలేజీ కుర్రాళ్ళు చేరితీరాలన్నారు. 1968లో మళ్ళీ ఇష్టమున్నవాళ్ళే రమ్మన్నారు. మా రోజుల్లో ఆ ఇష్టం పేరు సమోసా. పరేడ్ అయ్యాక పెట్టేవారు. లెక్చరర్లకే శిక్షణ ఇచ్చి ఆఫీసర్లని చేస్తారు. లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్... పేర్లన్నీ పటాలంవే. వైస్ ఛాన్సలర్లకైతే ఏకంగా గౌరవ కల్నల్ హోదా. మా ఫిజిక్స్ సారు కెప్టెను. వారమంతా చివరి బెంచీని "బాబ్బాబు, కాస్త అల్లరి ఆపండర్రా" అని బతిమాలుకునే మనిషి, ఆదివారం ఖాకీ తొడిగి భుజాన మూడేసి నక్షత్రాలు పెట్టుకున్నారంటే చాలు, జులపాలు పెంచినవాణ్ణి సరిహద్దు దాటొచ్చిన శత్రువుని చూసినట్టు చూసేవారు. సోమవారం మళ్ళీ బాబ్బాబు.

ఒక క్యాంపుకి బ్రిగేడియర్ గారు తనిఖీకి వస్తున్నారన్నారు. దారి పొడుగునా రాళ్ళకి సున్నం కొట్టాం. గుడారాల తాళ్ళు ఒక్క వరసలో ఉన్నాయో లేదో పురికొస పట్టి చూశాం. అన్నిటికన్నా ముఖ్యం జవాబుల రిహార్సల్. "ఖానా కైసా హై?" అంటే "బహుత్ అచ్ఛా హై, సర్!" "కోయీ తక్లీఫ్?" అంటే "నో, సర్!" ఆయన రెండో ప్రశ్న ముందడిగితే ఎలా సార్ అని ఒకడు సందేహం వెలిబుచ్చి, జవాబుగా గ్రౌండు చుట్టూ పరుగెత్తి వచ్చాడు.

ఆ పూట గేటు కాపలా మా సోంపేట కుర్రాడిది. సావధాన్, విశ్రామ్ పోగా వాడికొచ్చిన హిందీ, కాపలా కోసం నేర్పిన ఒకే ఒక్క వాక్యం. కారు రానే వచ్చింది. ముందు ఎర్ర పలక మీద ఒకటే నక్షత్రం. బ్రిగేడియర్ భుజాన అశోకుడి సింహాలూ, వాటి కింద మూడు నక్షత్రాలూ ఉంటాయి గానీ, కారు పలకకి మాత్రం ఒక్కటే. మావాడి లెక్క మావాడిది. కెప్టెన్ సారుకే మూడుంటే, ఒక్కదానితో దిగిన ఈయనెవరో నిన్నమొన్న చేరినవాడై ఉంటాడు. "థమ్! కౌన్ ఆతా హై!" అని కర్ర తుపాకీ అడ్డం పెట్టేశాడు.

డ్రైవరు గుడ్లురిమాడు. లోపల్నించి మా కెప్టెన్ సారు టోపీ పట్టుకుని పరుగు. బ్రిగేడియర్ గారు మాత్రం తాపీగా దిగి, పేరూ హోదా చెప్పుకుని, గుర్తింపు కార్డు తీసి చేతికిచ్చారు. సోంపేట వీరుడు ఫొటో చూశాడు, మొహం చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు. అప్పటికి గానీ దారివ్వలేదు. "షాబాష్!" అని వాడి భుజం తట్టి, లోపలికి వచ్చేశారాయన.

వచ్చి స్టీలు పళ్ళెం పుచ్చుకుని మా పంక్తిలోనే బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. "ఖానా కైసా హై?" అన్నారు. గుడారం అదిరిపోయేలా "బహుత్ అచ్ఛా!" అన్నాం. ఆయన గరిటెతో గిన్నె అడుగుదాకా వెతికి, పక్కనున్న రైతుబిడ్డని నెమ్మదిగా అడిగారు: "దాల్ మే పానీ జ్యాదా హై క్యా?"

వాడు నిజాయితీగా ఆలోచించాడు. తెలిసిన హిందీ ముక్కలన్నీ పోగేసుకున్నాడు.

"నో, సర్. పానీ మే దాల్, సర్!"

ఆయన పొలమారేదాకా నవ్వారు. ఆ రాత్రి పప్పులో గరిటె నిలబడింది. నిజం పలికినవాడు మాత్రం కెప్టెన్ సారు ఆజ్ఞ మీద క్యాంపు అయ్యేదాకా బంగాళాదుంపలు చెక్కాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడనడం ఉత్తినే కాదు.

స్వచ్ఛంద సైనికులంతా ఇంతేనంటే పాపం తగులుతుంది. 2011లో టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ అయిన ధోనీ, 2019లో క్రికెట్టు పక్కన పెట్టి కాశ్మీరు వెళ్ళి బెటాలియన్‌తో పాటు గస్తీ తిరిగాడు. ఎవరినీ దుంపలు చెక్కమన్నట్టు నేను వినలేదు.

ఇక సైనిక్‌పురి. సికింద్రాబాదులో మాజీ సైనికోద్యోగుల కోసం వెలిసిన కాలనీ ఇది. గేటు పలకల మీద పేర్లు చదువుతూ నడిస్తే చిన్న యుద్ధానికి సరిపడా కల్నళ్ళు తగులుతారు. నేనెరిగిన మేజర్ జనరల్ ఒకాయన ఒకప్పుడు డివిజన్ నడిపారు. అంటే పదివేల పైచిలుకు సైనికులు. పొద్దున్నే పెసరట్ల బండి దగ్గర నిటారుగా క్యూలో నిలబడతారు. చిక్కల్లా ఆ క్యూలో ఆయనొక్కరే. మిగతా జనమంతా పెనం చుట్టూ మూగి చేతులు చాపుతాం.

"గట్ల దూరం నిలబడితే ఎట్ల సార్? జర ముందుకు రాండ్రి," అంటుంది బండి ఆమె.

"నా వంతు రానివ్వమ్మా," అంటారాయన.

హైదరాబాదులో వంతు దానంతటది రాదని డివిజన్ నడిపిన మనిషికి చెప్పేదెవరు?

కాబట్టి పాఠకులకు నాదొక మనవి. పెసరట్ల బండి దగ్గర జనరల్ గారు కనిపిస్తే నిర్భయంగా పలకరించండి, వీలైతే ఒక ప్లేటు అందించండి. బ్రిగేడియర్ భోజనం ఎలా ఉందంటే నిజమే చెప్పండి. చెప్పేముందు, పక్కన లెక్చరర్ ఎవరూ లేరని మాత్రం చూసుకోండి.