ఆకు బొమ్మంత, అక్షరం చీమంత

పసిపిల్లల లోషన్ సీసా మీద పచ్చటి రాత: 'నూరు శాతం సహజం. రసాయనాలు సున్నా.'

నమ్మాల్సిందే. దూలగొండి కూడా నూరు శాతం సహజమే. జిల్లేడు పాలూ అంతే. నల్లజీడి రసమైతే మరీను, బట్ట మీద ధోబీ మార్కు, ఒంటి మీద బొబ్బ!

సీసా ముందు కలబంద, చామంతి, లావెండర్, తోటంత బొమ్మ. వెనక్కి తిప్పి, తాతయ్య కళ్లద్దాలు పెట్టుకుని చదివితే మొదటి పేరు నీళ్లు. (నీళ్లు రసాయనం కాదు కాబోలు.) ఎక్కువున్నది ముందు రాయాలి కదా, అందుకని కలబంద ఎక్కడో చివర, పెళ్లి పంక్తిలో పిలవని చుట్టంలా ఒదిగి ఉంది.

లావెండర్ లోపల లినలూల్ అనే పెద్దమనిషి ఉంటాడు. గాలి తగిలి పాతబడితే కొందరికి దద్దుర్లు తెప్పిస్తాడు. యూరప్‌లో మోతాదు దాటితే లేబుల్ మీద ఆయన పేరు విడిగా వేయాల్సిందే. ఆయనా సహజమే లెండి.

అడుగున చీమ తలకాయంత అక్షరాలు: 'ముందుగా చేతి మీద కొంచెం రాసి చూడండి.'

ఎవరి చేతి మీదో చెప్పలేదు. బామ్మ తన చేతికే రాసుకుంది. డెబ్బై ఏళ్ల చర్మం, దద్దురు లేదు, దురద లేదు.

మనవడు పాస్!