రెండు చేతిరాతలు

నేను ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగు ఖాతా పుస్తకాన్ని. కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరంలో ఉన్న అంగట్లో నన్ను కొన్నాయన సినిమా హాళ్లకు స్లైడ్లు రాసేవాడు. అన్న కొడుకు ఆయన్ని చిన్నాయనా అని పిలిచేవాడు. నాకూ అదే అలవాటైంది.

చిన్నాయన పని చూడముచ్చటగా ఉండేది. అరచేతిలో ఇమిడే గాజుపలకకు నల్లరంగు పూసి, ఆరాక సూదితో గీకి అక్షరాలు తీసేవాడు. హాల్లో ఆ గీతల్లోంచి వెలుతురు దూరి, తెర మీద బట్టలంగడి పేరు గుమ్మడికాయంత అక్షరాలతో పడేది. ఒకే అంగడి స్లైడును కర్నూలు, నంద్యాల, ఆదోని హాళ్లకు పంపేవాడు. వచ్చిన దుడ్లలో సగం హాలు వాళ్లకు, సగం తనకు. నాలో ఐదు గడులు కొట్టాడు: అంగడి, హాలు, రోజులు, జమ, బాకీ. ఎక్కువగా నిండేది ఐదోదే.

ఆయనకొక నియమం ఉండేది. కరెంటు పోయి ఆట ఆగితే ఆ రోజు లెక్కలోకి రాదు. ఎవరూ అడక్కముందే ఆ పద్దు మీద అడ్డగీత గీసేవాడు. వేసవి పుటలైతే గీతలతో నిండిపోయాయి.

తర్వాత కేబుల్ టీవీ వచ్చింది, తెర అడుగున పాకే అక్షరాలు వచ్చాయి. గాజుపలకల పని తగ్గి, నేను అటక ఎక్కాను. 2003లో 'ఒక్కడు' సినిమా వచ్చి మా బురుజును రాష్ట్రమంతా చూపించినప్పుడు నేను అటక మీద దుమ్ములో ఉన్నాను.

2007లో నన్ను దించింది ఆ అన్న కొడుకే. ఇంజనీరింగ్ చదివి ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకున్నాడు.

"చిన్నాయనా, దీంట్లో సగం ఖాళీనే ఉంది. నేను రాసుకుంటా."

"ఏం రాస్తావురా?"

"నీ యాపారమే. హాళ్లకు బదులు వెబ్‌సైట్లు."

సైట్లంటే అభిమానులవి. ప్రొద్దుటూరు కుర్రాడొకడు తన హీరో ఫొటోలతో ఒకటి నడిపేవాడు. కడపలో ఒక లెక్చరర్‌ది పాత సినిమాల సైటు. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా ఊరాయన మరొకటి పెట్టాడు. విడుదల రోజున ఆ సైట్లకు తిరునాళ్లంత జనం. సర్వర్ అద్దె మాత్రం ఏటా సొంత జేబులోంచే. సైట్లలో ప్రకటనలు వేసి దుడ్లిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2003లోనే మొదలైనా, దాని భాషల జాబితాలోకి తెలుగు చేరింది 2018లో. మా పిల్లోడు, అదే ఆ అన్న కొడుకు, అప్పటిదాకా ఆగే రకం కాదు. మన ఊరి అంగడిని మన అభిమాని సైటుకు తగిలిస్తే చాలనుకున్నాడు.

ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటి అమెరికాలో అద్దె సర్వర్ మీద ఎక్కించాడు. ప్రతి సైటులో నాలుగు వరసల కోడ్ అతికించాడు. ఎవరైనా పేజీ తెరిస్తే ఆ కోడ్ సర్వర్‌ను అడుగుతుంది, ఇక్కడ ఏ బొమ్మ పెట్టాలని. సర్వర్ ఒక బొమ్మ పంపి, దాన్ని లెక్కలో వేసుకుంటుంది. బొమ్మ కొలత 468 చుక్కల వెడల్పు, 60 చుక్కల ఎత్తు. 1994లో హాట్‌వైర్డ్ అనే అమెరికా పత్రిక సైటులో కనిపించిన ప్రకటనలూ ఇట్లాంటి అడ్డపట్టీలేనట. తెలుగు ఫాంట్లు ఒక కంప్యూటర్లో కనిపించి ఇంకోదాంట్లో డబ్బాలైపోయే కాలం కాబట్టి, అక్షరాలను కూడా బొమ్మగానే గీసేవాడు. గాజుపలక పోయింది గానీ, అక్షరం బొమ్మగానే మిగిలింది.

దెబ్బ తిన్నది నొక్కుల దగ్గర. మొదటి నెల, బొమ్మ మీద ఒక్కో నొక్కుకు ఇంతని ధర పెట్టాడు. "మన అన్న సైటు బతకాల" అంటూ అభిమానులు రాత్రంతా నొక్కారు. సంగతి తెలిసి అవతలి హీరో వాళ్లు తమ సైటులో అంతకు రెట్టింపు నొక్కారు. దాన్ని మోసమనడానికి నాకు నోరు రాదు, అంతా ప్రేమే. ప్రొద్దుటూరు బంగారం అంగడాయన ఫోన్ చేశాడు: "ఏమప్పా, ఇంతమంది నొక్కినారంటావు, ఒక్కడూ నా అంగడి మెట్టు ఎక్కలేదే!"

చిన్నాయన పడీపడీ నవ్వాడు. "హాల్లో ఈల వేసినోళ్లను లెక్కబెట్టి దుడ్లడిగినామా రా? రోజుకింతని తీసుకో."

అట్లా మళ్లీ రోజు లెక్కకే వచ్చాం. టొరంటోలో ర్యాన్ నార్త్ అనే కామిక్స్ రచయిత 2006లో ప్రాజెక్ట్ వండర్‌ఫుల్ అని పెట్టి, చిన్న చిన్న సైట్లలో జాగాను రోజు లెక్కనే అమ్ముతున్నాడని పిల్లోడు తర్వాత చదివాడు. అక్కడ జాగాకు వేలం. ఇక్కడా పెడదామా అంటే, "వేలం పాడితే వినాయకుడి లడ్డూకే పాడతా" అన్నాడు బట్టలంగడాయన.

నాలో ఆరో గడి ఒకటి చేరింది: 'ఎవరి అభిమానులు'. ఒక హీరో చొక్కాల ప్రకటన ఇంకో హీరో సైటులో పడిందంటే ఆ పూట ఫోన్ మోగుతూనే ఉండేది. బాకీ లేకుండా నడిచింది ఒక్క మామిడిపండ్లాయనే. డాలస్‌లో కొడుకు ఆ బొమ్మ చూసి దుడ్లు పంపితే, కల్లూరులో అమ్మ ఇంటికి బేనిషా బుట్ట వచ్చేది. ఆ పుటలు తిప్పితే నాకిప్పటికీ హాయి. ఆ తర్వాత అభిమానులంతా ఫేస్‌బుక్‌కు తరలిపోయారు, సైట్లు ఒక్కొక్కటీ ఆరిపోయాయి. అది చెప్పుకోదగ్గ కథ కాదు. చెప్పాల్సింది వరద సంగతి.

2009 అక్టోబర్ 2. బిందెడు నీళ్లకు వరసలో నిలబడే ఊరి మీదికి తుంగభద్ర, హంద్రీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. కంప్యూటర్లు మునిగాయి. చిన్నాయన నన్ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి నెత్తిన పెట్టుకుని మిద్దె ఎక్కాడు. అయినా తడిశాను. సిరా కలంతో రాసిన స్లైడ్ల పుటలు నీలంగా కరిగిపోయాయి, పిల్లోడి బాల్‌పెన్ రాత నిలిచింది.

పిల్లోడు ఎట్లో కడప చేరి, ఏడు రోడ్ల దగ్గర ఒక సెంటర్లో సైట్లు తెరిచాడు. సర్వర్ అమెరికాలో కదా, చుక్క తడి అంటలేదు. నడుములోతు బురదలో ఉన్న బట్టలంగడి 'దీపావళి తగ్గింపు, నేడే రండి' అని మెరుస్తోంది. తలుపు ఊడిపోయిన ఫోటో స్టూడియో నవ్వుతూ పిలుస్తోంది. వాడు కాసేపు చూస్తూ కూర్చున్నాడట. తర్వాత అన్ని బొమ్మలూ తీసేసి, అన్ని సైట్లలోనూ ఒకటే పెట్టాడు: 'కర్నూలుకు బియ్యం, బట్టలు పంపండి'. ఆ రోజు ఆరో గడి ఖాళీగా ఉంది.

లెక్కలు తేల్చే రోజు బట్టలంగడాయన తనే వచ్చాడు. పంచె అంచుకు ఇంకా బురద మరక.

"వరద వచ్చినాక మూడు రోజులు నా బొమ్మ ఆడింది గదా, దుడ్లు తీసుకో."

"అంగడే లేనప్పుడు దుడ్లేంది?" అన్నాడు చిన్నాయన.

"నీ బొమ్మయితే కనపడింది గదప్పా."

"కరెంటు పోయినట్లే లెక్క."

చాలాసేపు వాదించుకున్నారు. చివరికి, అంగడి తెరిచాక ఆ మూడు రోజులూ మళ్లీ వేయాలని ఒప్పుకున్నారు. చిన్నాయన పిల్లోడి బాల్‌పెన్ తీసుకుని, పిల్లోడి పుటలో, వంకర అక్షరాలతో రాశాడు: 'మూడు దినాలు బాకీ. మనమే.'