అర్ధాంగికి అదనపు రుసుము

ఇంకో విమాన సంస్థ కూడా ‘లైట్’ టికెట్టు తెచ్చేసింది. సీటు ఎంపిక ఉండదు, పెద్ద పెట్టె ఉండదు, తేదీ మార్చుకునే వీలుండదు. విమానం మాత్రం ఉంటుందట, అదీ వాళ్ల ఔదార్యం. ప్రయాణికుడికి ‘ఎంపిక స్వేచ్ఛ’ ఇస్తున్నామని చెప్పుకున్నారు. నిన్నటిదాకా టికెట్టులోనే ఉన్నవాటిని ఒక్కొక్కటే బయటికి తీసి, ధర చీటీ అంటించి, మళ్లీ మనకే అమ్మడాన్ని స్వేచ్ఛ అంటారని తెలియక మన తాతలు అనవసరంగా జైళ్లకెళ్లారు.

పెట్టెల సంగతి వదిలేద్దాం. ఆవకాయ డబ్బాని ఇంట్లో ఎన్నిసార్లు తూచినా కౌంటరు దగ్గరికొచ్చేసరికి అరకిలో పెరుగుతుందని గుంటూరు జిల్లాలో పసిపిల్లలకి కూడా తెలుసు. నా ఒళ్లుమంట సీటు గురించి.

మా అక్కా బావా తెనాలి నుంచి డాలస్ వెళ్లారు, కూతురి పురిటికి. ఒకే బుకింగు, ఒకే ఇంటిపేరు, ఒకే చిరునామా. చెక్-ఇన్ తెరిచి చూద్దును కదా, అక్క 24వ వరుసలో, బావ 41లో. పక్కపక్కన కావాలంటే చెరికాస్త కట్టమంది ఫోను. మధ్యలో విమానం మారతారు కాబట్టి రెండోదానికి మళ్లీ విడిగా కట్టాలి. కస్టమర్ కేర్‌కి చేస్తే ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, “సీట్లు సిస్టమే ర్యాండమ్‌గా ఇస్తుంది సార్” అంది.

ఈ ర్యాండమ్ మహిమ చూడండి. సీట్ల పటంలో జంట సీట్లు బోలెడు ఖాళీ, అన్నిటిమీదా ధరలు. నిజంగా గుడ్డిగా పంచితే ఎప్పుడో ఒకసారి పొరపాటునైనా మొగుడూ పెళ్లాం పక్కపక్కన పడాలి కదా? మా వాళ్లకి రెండు విమానాల్లోనూ పడలేదు. శకుని పాచికలు కూడా ఇంత నికరంగా ఒకే వైపు పడి ఉండవు.

పెళ్లిపీటల మీద మా బావ ధర్మంలో, అర్థంలో, కామంలో దాటిపోనని ప్రమాణం చేశాడు. ఎకానమీలో అని పురోహితుడు అనిపించలేదు. ఇకమీదట ఆ నాలుగోది కూడా అనిపించి, రసీదు ఇప్పించాలి. అరుంధతిని చూపించాక సీట్ల పటం కూడా చూపించాలి, రెండూ మామూలు కంటికి ఓ పట్టాన ఆననివే.

ఇద్దరూ ఒప్పుకుని విడాకులు అడిగినా, ఇంకోసారి ఆలోచించుకోమని హిందూ వివాహ చట్టం ఆరు నెలల గడువిస్తుంది. విమాన సంస్థకి అంత ఓపిక లేదు. చెక్-ఇన్ తెరిచిన నిమిషంలోనే విడదీసేసింది. కలిసుండటానికి మాత్రం కార్డు నంబరు అడుగుతుంది.

నవ్వుతూ రాద్దామనే కూర్చున్నాను. నవ్వు రావడం లేదు. అక్కకి షుగరు. ఇంగ్లీషు రాదు. మాత్రలు బావ సంచిలో ఉన్నాయి. దీపాలార్పేసిన విమానంలో కళ్లు తిరుగుతుంటే ఎవరికి చెప్పుకోవాలి, ఏ భాషలో? దాహమేసినా గొంతు తడుపుకోకుండా కూర్చుంది. బటన్ ఏదో తెలియక కాదు, నొక్కితే దానికీ డబ్బు పట్టుకుంటారేమోనని! అరవై ఏళ్లు దాటిన మనిషిని మంచినీళ్లు అడగడానికి భయపడే స్థితికి తెచ్చారు. ముందు భయం పుట్టించి, తర్వాత దానికి విరుగుడు అమ్ముకునే ఈ బేరానికి సిగ్గుండాలి.

సిగ్గుతో వీళ్లకేం పని? 2018 నుంచి 2023 దాకా అయిదు అమెరికా విమాన సంస్థలు ఒక్క సీటు రుసుముల మీదే 1,240 కోట్ల డాలర్లు రాబట్టాయని అక్కడి సెనేట్ ఉపసంఘం 2024 నవంబరులో తేల్చింది. 1987లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి రాబర్ట్ క్రాండల్ సలాడ్‌లోంచి ఒక్క ఆలివ్ కాయ తీయించి ఏడాదికి 40 వేల డాలర్లు మిగిల్చాడని కథగా చెప్పుకుంటారు. పాపం, అమాయకుడు. తీసిన కాయని తిరిగి అమ్మొచ్చని తోచలేదు.

మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో, పన్నెండేళ్లలోపు పిల్లల్ని కనీసం అమ్మానాన్నల్లో ఒకరి పక్కన కూర్చోబెట్టమని విమాన సంస్థలకి చెప్పింది. బాగుంది. మరి ఆ అమ్మానాన్నలు ముసలివాళ్లయ్యాక? దీనికి ఎవరైనా జవాబు చెప్పాలి.

ఇక ఆ విమానంలో అక్క పక్కన కిటికీ సీట్లో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిద్రపోతున్న కుర్రాడు కరీంనగర్ వాడని తెలియడానికి సగం రాత్రి పట్టింది. సంగతి వినగానే, “మీరు కూసోండి పెద్దమ్మా, నేను ఎనక్కి పోతా, పెద్దనాయిన్ను పంపిస్తా” అని లేచాడట. వెళ్లింది టాయిలెట్ గోడకానుకుని ఉన్న, వెనక్కి వాలని సీటుకి. తను కూర్చున్న కిటికీ సీటుకి అతను విడిగా డబ్బు కట్టాడు. బావ అతని నంబరు తీసుకున్నాడు కాబట్టి తర్వాతి సంగతీ తెలిసింది: ఆ డబ్బు వాపసు అడిగితే, సీటు స్వచ్ఛందంగా వదులుకున్నందున కుదరదని జవాబొచ్చిందట.