చిత్తూరుకు ఇద్దరు ఎంపీలు: ఒక ఓట్ల పెట్టె ఆత్మకథ

నేను ఓట్ల పెట్టెను. ఇనుప రేకుతో చేసిన ఒళ్లు, నెత్తిన చీటీ దూరేంత సన్నటి సందు. ఇప్పుడు బైరెడ్డిపల్లెలో పాత సామాన్ల గదిలో ఉంటున్నాను గానీ, ఒకప్పుడు జిల్లాలో ఎక్కడికి పంపితే అక్కడికి పోయేదాన్ని. పిల్లలూ, చిత్తూరు ఓటర్లు ఒకే ఎన్నికలో ఇద్దరు ఎంపీలను గెలిపించేవాళ్లని మీకెవరైనా చెప్పారా? అలాంటి నియోజకవర్గం ఇప్పుడు లేదు. పేరు మిగిలింది, పద్ధతి పోయింది.

1952 నాటికి దేశమంతటా తొలి ఎన్నికలు జరిగాయి. మన జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 21 ఏళ్లు నిండితే ఓటు. చదువు రానివాళ్లే ఎక్కువ కాబట్టి చీటీ మీద పేర్లు ఉండేవి కావు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. కాంగ్రెస్‌కు కాడెద్దులు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి. చిత్తూరులో మాత్రం ఓటరు చేతికి రెండు చీటీలు ఇచ్చేవారు. రెండూ ఒకే పెట్టెలో వేస్తే ఒక్కటే లెక్కకొచ్చేది.

ఒక అవ్వ వచ్చింది. నా మీద అంటించిన ఎద్దుల బొమ్మను వేలితో తడిమి, చీటీని మడత మీద మడత పెట్టి సందులోకి తోసింది. అది లోపల పడిన చప్పుడు విన్నాకే రెండో చీటీతో పక్క పెట్టె దగ్గరికి కదిలింది. ఆమె తర్వాత వచ్చినాయన, ఆమె కూలికి పోయే చేని ఆసామి. ఆయన చేతిలోనూ రెండే చీటీలు.

ఎందుకిద్దరంటారా? ఊరి పెత్తనమంతా కొద్దిమంది చేతుల్లో ఉన్న రోజులవి. పోటీకి వదిలేస్తే దళితులు ఢిల్లీ దాకా పోవడం కష్టం. అందుకని పెద్ద నియోజకవర్గం చేసి, రెండు సీట్లు పెట్టి, ఒకటి షెడ్యూల్డ్ కులాలకు, కొన్నిచోట్ల గిరిజనులకు కేటాయించారు. 1952లో దేశంలో ఇలాంటి లోక్‌సభ నియోజకవర్గాలు 86, 1957లో 91. చిత్తూరు నుంచి మొదట టి.ఎన్.విశ్వనాథరెడ్డి, ఎం.వి.గంగాధర శివ గెలిచారు. 1957లో శివ మళ్లీ గెలిచారు. ఆయనతో పాటు గెలిచింది తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఆయనే లోక్‌సభ స్పీకరు. స్పీకరు కుర్చీలో చిత్తూరు సభ్యుడు, ఎదుటి బల్లల్లోనూ చిత్తూరు సభ్యుడే! తలచుకుంటే నాకిప్పటికీ గర్వమే.

లెక్కింపులో ఒక మెలిక ఉండేది. ముందు రిజర్వుడు అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి ఆ సీటు. ఆపైన మిగిలినవారందరిలో ఎవరు ముందుంటే వారిది రెండోది. వారూ రిజర్వుడు వర్గంవారైనా సరే. 1957లో పార్వతీపురంలో రెండు సీట్లూ గిరిజనులే గెలిచారు. ఓడిన వి.వి.గిరి సుప్రీంకోర్టు దాకా పోయారు. ఆ గెలుపు చెల్లుతుందనే కోర్టు చెప్పింది. గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యారు.

అంత పెద్ద నియోజకవర్గాల్లో ఊరూరా తిరగడం అభ్యర్థులకు భారమైంది. 1961లో చట్టం చేసి వీటిని రద్దు చేశారు. 1962 నుంచి ఒక నియోజకవర్గానికి ఒక్కరే. తిరుపతి ఎస్సీ స్థానమైంది, చిత్తూరు జనరల్ అయింది. చిత్తూరులో మళ్లీ గెలిచిన అయ్యంగార్ అదే ఏడాది బీహార్ గవర్నరుగా వెళ్లారు. ఉప ఎన్నికలో ఎన్.జి.రంగా గెలిచారు. చీటీ మీద పేర్లు, గుర్తులు అచ్చయ్యాయి. అన్ని ఓట్లూ ఒకే పెట్టెలో పడసాగాయి.

పని తేలికైందని అధికారులు సంతోషించి ఉంటారు. నాకు మాత్రం దిగులే. రిజర్వేషన్ దేశంలో పోలేదు, నిజమే. కానీ ఒకే ఓటరు ఇద్దరినీ ఎన్నుకునే వీలు పోయింది. చిత్తూరు మళ్లీ ఒక దళితుణ్ణి లోక్‌సభకు పంపడానికి 2009 దాకా ఆగాల్సి వచ్చింది. పునర్విభజనలో అది ఎస్సీ స్థానమయ్యాక ఎన్.శివప్రసాద్ గెలిచారు. ఆ గీతల ప్రకారమే నేడు పలమనేరు సెగ్మెంటులోని మన బైరెడ్డిపల్లె, పక్కన కుప్పం చిత్తూరు ఎంపీకి ఓటేస్తాయి. పుంగనూరు, మదనపల్లె రాజంపేట ఎంపీకి వేస్తాయి.