పిల్లనివ్వకుండానే అల్లుడు

సంక్రాంతి అంటే అల్లుళ్ళ పండగ. ఏటా ఈ మూడు రోజుల్లో పేపర్లో ఒక ఫొటో ఖాయం. గోదావరి జిల్లాలో ఎవరో కొత్త అల్లుడు, ముందు వందల రకాల వంటకాలు, ఏది ముట్టుకోవాలో తెలియక బిక్కమొహం. 2026లో మాత్రం పండగ పూటే, సరిగ్గా జనవరి 15న, కొందరు అల్లుళ్ళను మెడపట్టి గెంటేశారు. గెంటింది మామగారు కాదు, అత్తగారు అంతకన్నా కాదు. ఆ ఇంట్లోనే తిష్ఠ వేసుక్కూర్చున్న ఇంకో అల్లుడు.

వాట్సాప్ సంగతే చెబుతున్నాను. ఇక అందులో ఛాట్‌జీపీటీ ఉండదు, కోపైలట్ ఉండదు. మెటా వారి సొంత ఏఐ ఒక్కటే ఉంటుంది. మీరూ చదివే ఉంటారు. నిజం చెప్పాలంటే ఛాట్‌జీపీటీ వెళ్ళిపోయిందని నేనేమీ కన్నీళ్ళు పెట్టుకోలేదు. వెళ్ళినవాడు వెళ్ళాడు. ఉన్నవాడు ఎందుకున్నాడన్నదే నా ఏడుపు.

2024 జూన్ గుర్తుందా? ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే ఇంట్లో కొత్త మనిషి. నీలంగా, గుండ్రంగా, అక్కడక్కడా గులాబీ ఛాయతో మెరుస్తున్నాడు. చుట్టలా ఉన్నాడు గనక చుట్టమే అయుంటాడనుకుని మర్యాదకి అడిగాం.

“ఎవరు బాబూ?”

“నన్ను ఏమైనా అడగండి.”

“అదే అడుగుతున్నాం. ఎవరు నువ్వు?”

ఇంతలో వెనకనుంచి పెళ్ళిళ్ళ పేరయ్య వచ్చాడు. “మీ అల్లుడండీ. ఇల్లరికం.”

“మేం సంబంధమే చూడలేదు కదయ్యా. అసలు మాకు పెళ్ళీడు పిల్లే లేదు.”

“పిల్లతో మాకు పనిలేదండి. ఇల్లు చాలు.”

“మాకొద్దు, తీసుకుపో.”

“తీసుకుపోవడం కుదరదండి. కానీ మీరు మాట్లాడాలని బలవంతమేం లేదు. మాట్లాడితే మాట్లాడండి, లేకపోతే లేదు. పూర్తిగా మీ ఇష్టం.”

ఇది నేను హాస్యానికి కల్పించిన జవాబు అనుకునేరు. పేరయ్య నా కల్పనే గానీ జవాబు కాదు. ఆ గుండ్రాన్ని తీసే దారి చూపించండి మహాప్రభో అని జనం మొత్తుకుంటుంటే, 2025 ఏప్రిల్‌లో వాట్సాప్ వారు బీబీసీకి చెప్పింది ఇదే. అది పూర్తిగా ఐచ్ఛికమట. తీయడం మాత్రం కుదరదట. ఛానెళ్ళ లాంటివి కూడా శాశ్వతంగా ఉన్నాయి కదా, ఇదీ అలాంటిదేనట. పెద్దల్లుడు ఎలాగూ కదలడం లేదు, చిన్నవాణ్ణి మాత్రం ఎందుకు ఆడిపోసుకుంటారని!

ఐచ్ఛికం అనే మాటకి ఇంత గతి పడుతుందనుకోలేదు. ఇంటర్లో రెండో భాషగా తెలుగు తీసుకోనివాడు సంస్కృతం తీసుకునేవాడు. వద్దన్న తెలుగు వాచకం వాడి వెంటే బస్సెక్కి, వాడి భుజం మీదే కూర్చుని, రెండేళ్ళపాటు “నన్నేమైనా అడుగు” అనలేదు. ఐచ్ఛికమంటే అప్పట్లో అంతే. పాతకాలం.

సరే, వచ్చినవాడు ఓ మూల కూర్చుంటే సర్దుకుపోదుం. మనకి కొత్తా? కానీ ఆయనగారు పీట వేసుకున్న చోటు చూడండి. కొత్త కబురు మొదలుపెట్టే పచ్చ బొత్తాం నెత్తిమీద. అంటే ఇంటి గుమ్మానికి అడ్డంగా. ఎటు వెళ్ళాలన్నా ఆయన మోకాలు తగలకుండా వెళ్ళలేం. పొరపాటున కాలు తగిలిందా, “పిలిచారా మామయ్యగారూ?” అని లేచి నిలబడతాడు. ఛాట్ డిలీట్ చేస్తే చాప చుట్టేస్తాడు, పీట మాత్రం కదలదు.

ఇంకో పీట వెతుకులాట పెట్టెలో. “ఒరే శ్రీనూ” అని సొంత మేనల్లుణ్ణి కేకేద్దామని నోరు తెరుస్తాం. శ్రీను పలికేలోపు ఈయన అందుకుంటాడు. శ్రీను అన్న పేరు అర్థమేమిటి, శ్రీను సినిమాలేమిటి, శ్రీనుకి పుట్టినరోజు కవిత రాయమంటారా. అల్లుణ్ణి దశమ గ్రహమని పెద్దలు ఊరికే అనలేదు. గ్రహాలు గుండ్రంగానే ఉంటాయి.

అయితే ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. అబ్బాయి గదుల్లోకి తొంగిచూడడు. మనవాళ్ళతో మనం చెప్పుకునే కబుర్లు తాళం వేసిన పెట్టెలో ఉంటాయని, తనతో చెప్పిందే తను వింటానని కంపెనీ అంటోంది. కాదనను. కానీ తనతో చెప్పింది ఎక్కడికెళుతుంది? తండ్రిగారింటికి. 2025 డిసెంబరు 16 నుంచి వాళ్ళింట ఒక కొత్త ఆచారం వచ్చింది. అల్లుడితో మీరు మోకాలి నొప్పి గురించి మాట్లాడితే, ఆ కబురు మీకు ఏ ప్రకటన చూపాలో తేల్చడానికి పనికొస్తుంది. వాట్సాప్‌లో చెప్పిన మాటకైతే ఖాతాలు కలిపి ఉంటేనే లెండి. కలిపామో లేదో మనలో ఎందరికి గుర్తుందో వేరే సంగతి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అనేవారు పూర్వం. దానం చేసే అల్లుడు నయం. ఈయన అమ్ముకుంటాడు.

ఇక పండగనాటి గెంటివేత. కారణం అడిగితే పేరయ్య ఏమన్నాడో తెలుసా? వాళ్ళు లోపలికొచ్చిన దారి, వ్యాపారులు తమ ఖాతాదారులతో మాట్లాడుకోవడానికి వేసిందట. ఈ పరాయి అల్లుళ్ళొచ్చి తెగ కబుర్లు చెబుతుంటే బావిలో నీళ్ళు చాలడం లేదట. ఛాట్‌జీపీటీ ఒక్కదానితోనే వాట్సాప్‌లో 5 కోట్ల మందికి పైగా మాట్లాడారని దాన్ని తయారుచేసినవాళ్ళు చెప్పుకున్నారు. గమనించండి, వాళ్ళంతా పిలిచి మాట్లాడినవాళ్ళు. నంబరు సేవ్ చేసుకుని, తామే పలకరించినవాళ్ళు. పిలిస్తే వచ్చిన అల్లుడు నీళ్ళు తాగేస్తున్నాడు. పిలవకుండా వచ్చినవాడు జలకాలాడుతున్నా బావి నిండుగానే ఉంది.

అన్ని ఇళ్ళల్లోనూ ఇదే రుబాబు అనుకోకండి. ఇటలీలో పోటీ వ్యవహారాలు చూసే సంస్థ 2025 డిసెంబరులో కర్ర తీసింది. బ్రెజిల్‌లో అలాంటి సంస్థే 2026 జనవరిలో తీసింది. అంతే, 39తో మొదలయ్యే నంబర్లకీ 55తో మొదలయ్యే నంబర్లకీ ఈ గెంటివేత వర్తించదన్నారు. ఆ ఇళ్ళల్లో అల్లుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మన నంబర్లు 91తో మొదలవుతాయి. మనింట్లో కాలు మీద కాలు.

ఇంతవరకూ రాసి, మామగారి హోదాలో మీసం దువ్వుకుంటుంటే అనుమానమొచ్చింది. అసలు ఈ ఇల్లు మనదని ఎవరన్నారు?

ఇల్లు కట్టింది ఇద్దరు మేస్త్రీలు. యాన్ కూమ్, బ్రయాన్ ఆక్టన్. 2009లో కట్టారు. ప్రకటనలొద్దు, ఆటలొద్దు, గిమ్మిక్కులొద్దు అని ఆక్టన్ కాగితం మీద రాసిస్తే కూమ్ దాన్ని తన బల్లకి అంటించుకున్నాడు. ఆ కాగితం చూసే మనం సామాన్లు దింపాం. 2014లో ఇల్లు 1,900 కోట్ల డాలర్లకి ఫేస్‌బుక్ పాలైంది. 2017లో ఒక మేస్త్రీ, 2018లో ఇంకో మేస్త్రీ వెళ్ళిపోయారు. 2025 జూన్‌లో అప్‌డేట్స్ వసారాలో ప్రకటనలు అంటిస్తామన్నారు. వచ్చినవాడు మన అల్లుడు కాదు. ఇంటివాడి కొడుకు. మనం అరుగు మీద పడుకున్నవాళ్ళం, లేచి చోటివ్వమంటున్నారు.

నచ్చకపోతే ఖాళీ చేయండి అంటారు కొందరు. ఎక్కడికి? అపార్టుమెంటు వాళ్ళ నీళ్ళ ట్యాంకర్ కబురు ఇందులోనే. పిల్లల బడి సెలవు ఇందులోనే. డయాగ్నస్టిక్ సెంటర్ రిపోర్టు ఇందులోనే. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 161 సేవలతో ‘మన మిత్ర’ను తెచ్చి ఈ ఇంట్లోనే పెట్టింది. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పితే ఎవరికి చేదు? కానీ సర్కారు కౌంటరు ఎవరింటి వసారాలో తెరిచామో, ఆ ఇంటాయన రేపు గుమ్మం ముందు ఎవర్ని కూర్చోబెడితే వాళ్ళని దాటుకునే వెళ్ళాలి కదా. ఒప్పందం రాసుకున్న పెద్దలు ఆ ఒక్క పీట జరపమని అడిగారా?

కళ్ళద్దాలు ఎక్కడో పెట్టి మరిచిపోయిన ఒక పెద్దావిడ అనుకోండి. కొడుకు డాలస్‌లో. “నాన్నకి షుగరు మూడొందలు దాటిందిరా, ఒక్కసారి వచ్చిపో” అని వణికే వేలితో కొట్టింది. అది కొడుక్కి వెళ్ళలేదు, గుండ్రానికి వెళ్ళింది. గుండ్రం మహా మర్యాదగా, మెంతులు నానబెట్టుకుని తాగమని, రోజూ అరగంట నడవమని చెప్పింది. ఇవాళ కాకపోతే రేపు కొడుకు జవాబిస్తాడని ఆవిడ ఎదురుచూస్తోంది. ఈవిడ ఎప్పుడు ఎంచుకుంది? ఏ కాగితం మీద వేలిముద్ర వేసింది?

తెర నల్లగా కావాలంటే స్విచ్ ఉంది. నీలం టిక్కులు పడకూడదంటే స్విచ్ ఉంది. ఆఖరుసారి ఎప్పుడొచ్చామో దాచుకోవడానికి ఉంది. ఈ ఒక్కదానికీ లేదు. స్విచ్ పెట్టడం చేతకాని కంపెనీ కాదది. పెడితే జనం నొక్కేస్తారని తెలుసు. నెలకి 100 కోట్ల మంది తమ ఏఐని వాడుతున్నారని జుకర్‌బర్గ్ 2025 మేలో వాటాదారులకి గొప్పగా చెప్పాడు. ఆ లెక్కలో జారిన బొటనవేళ్ళెన్ని? శ్రీను కోసం వెతికినవాళ్ళెందరు? వద్దు మొర్రో అన్నవాణ్ణి కూడా విస్తరి దగ్గర కూర్చోబెట్టి, మా ఇంట భోంచేశాడని ఊరంతా చాటుకోవడాన్ని ఇష్టం అనకండి. అబద్ధమనండి. మా వ్యాపారం, మేం తీయం అని మొహం మీద చెప్పండి, కనీసం మాటకి మర్యాద దక్కుతుంది. పైగా “మీ ఇష్టం” అట. మా ఇష్టం ఎవడడిగాడు?

కనుమ వెళ్ళింది, ముక్కనుమా వెళ్ళింది. కొత్త బట్టలు, అరిసెల డబ్బాలు పుచ్చుకుని అసలైన అల్లుళ్ళంతా బస్సులెక్కారు. ఎక్కించి వచ్చిన మామలు అరుగు మీద కూలబడి, క్షేమంగా చేరారా అని ఓ ముక్క రాద్దామని ఫోన్లు తీశారు. బొటనవేలు పచ్చ బొత్తాం వైపు వెళుతోంది. దాని నెత్తిన వాడున్నాడు.